మూడో పీరియడు చప్పుళ్ళు

మూడో పీరియడు గంట మోత గాలిలో ఇంకా అణగకముందే ఏడో తరగతి గుమ్మం మీద చెయ్యి వేశాను. లోపల నలభై ఒక్కమంది లేచారు. నలభై ఒక్కమంది లేవడమంటే ఒక చప్పుడు కాదు. ముందుగా మొదటి వరస బుద్ధిమంతుల బెంచీలు కిర్రుమంటాయి, తర్వాత మధ్య వరసల్లో ఒళ్ళో పెట్టుకున్న పెన్సిళ్ళు నేల మీద రాలతాయి, అందరూ లేచాక ఎప్పుడో వెనక గోడ పక్క బెంచీ కదులుతుంది, అది కూడా సగమే లేచి, నేను కనిపెట్టలేదనుకుని మళ్ళీ కూర్చుంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఈ చప్పుడు రోజుకు ఆరుసార్లు నా ముందు లేచి నిలబడింది. విన్నానా అంటే, లేదు. చూసే పనిలో పడి వినడానికి తీరిక చిక్కలేదు. గు...డ్ మా...ర్నింగ్ టీ...చర్ అని సాగదీశారు. ఆ సాగదీత కింద, గది చివర, కొత్త తోలు బూట్లు ఒకసారి కీచుమన్నాయి, కుర్చీ ఒకటి ఎవరి బరువో మోసింది, పెన్ను టిక్కుమంది. ఆయన వచ్చేశారన్నమాట. తనిఖీ అధికారి. ఈ గంటసేపు నా పాఠం చూసి, సోమవారం నుంచి నాకు మళ్ళీ తరగతి ఇవ్వాలో, ఆరోగ్యం బాగాలేదని కాగితం రాసి ఇంటికి పంపాలో తేల్చే మనిషి. గుమ్మం నుంచి బల్లకు ఏడడుగులు. తల ఎత్తుకునే నడిచాను. చెయ్యి చాపలేదు. ఏడో అడుగుకు బల్ల అంచు నా తొడకు తగిలింది, ఎక్కడికి పోతుంది, నేను లేనప్పుడు కూడా అది అక్కడే ఉంది కదా.

"కూర్చోండి" అన్నాను. కూర్చున్న చప్పుడు లేచిన చప్పుడుకు తిరగేసిన చొక్కా. నా కళ్ళు నెత్తికెక్కాయని స్టాఫ్ రూములో అనుకునేవాళ్ళు. అబద్ధం కాదు, పొగరు ఉండేది, నా క్లాసులో ఒక్క లెక్క తప్పిందంటే నా పరువు బజారున పడ్డట్టే ఉండేది. కళ్ళలో నీటికాసులని, లోపలి ఒత్తిడికి చూపు చచ్చే జబ్బని డాక్టరు చెప్పేనాటికి ఆలస్యమైంది. చూపు అంచుల నుంచి తరిగింది. ముందు పక్కన నిలబడ్డ మనుషులు పోయారు, తర్వాత బోర్డుకు రెండు చివరలూ పోయాయి, కడకు తాళం రంధ్రంలోంచి చూసినట్టు ఒక్కో అక్షరం మిగిలింది, పోయిన ఏడాది ఒక మంగళవారం ఆ రంధ్రమూ మూసుకుంది. నెత్తికెక్కిన కళ్ళు అక్కణ్ణుంచి ఎటు పోయాయో గానీ పొగరు మాత్రం ఎక్కిన చోటే ఉంది. "ఇంక చాల్లే వదినా, ఇంట్లో కూర్చో. గుడ్డికంటే మెల్ల నయమంటారు, నీకు అదీ లేకపోయె" అని మా ఆడపడుచు పలకరింపుకొచ్చి కళ్ళు తుడుచుకుంటే, "మెల్ల సగం మార్కులమ్మా, నేను ఎప్పుడూ పూర్తి మార్కులే తెచ్చుకున్నాను" అన్నాను. ఆవిడ ఏడుపు ఆపేసింది. అలా ఆపించగలిగినందుకు ఆ రాత్రంతా నాకు గర్వంగా ఉండింది, నవ్వుకుంటే నవ్వుకోండి.

మా పెద్దమేడం మంచి మనిషి. "మీరు పుస్తకాల గదిలో హాయిగా కూర్చోండి టీచరుగారూ, జీతం ఎక్కడికీ పోదు" అంది. హాయిగా. ఆ ఒక్క మాట పది నెలలు నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. బీరువాల మధ్య కుర్చీ, కాగితం పురుగులు కొరికే వాసన, పక్క గదిలో కొత్త మాస్టారు ఏడో తరగతికి భిన్నాలు చెబుతుంటే గోడకు చెవి ఆనించేదాన్ని. హారాలు సమానం చెయ్యకుండానే కూడేస్తున్నాడు మహానుభావుడు! గోడలకు చెవులుంటాయంటారు, ఆ పది నెలలూ ఆ గోడ చెవిని నేనే. మధ్యాహ్నం తిండి గంటలో ఏడో తరగతి పిల్లలు ఒకళ్ళిద్దరు మొదలుపెట్టారు, టీచర్, ఈ లెక్క రాలేదు, అని. ఇద్దరు నలుగురై, నలుగురు పదిమందై, పుస్తకాల గదిలో నిలబడ్డానికి చోటు లేకపోయింది. అప్పుడే ఒక్కొక్కళ్ళూ నాకు చెవికి దొరికారు. ముక్కు ఎగబీల్చేవాడు, పెన్సిలు మొన కొరికేది, ప్రతి వాక్యం ముందూ 'అంటే' అనేవాడు, అందరికంటే ముందు వసపిట్ట. ఆ పిల్లకు నోరు మూసుకోవడం చేతకాదు, నిద్రలో కూడా వాగుతుందని వాళ్ళమ్మే చెప్పింది. ఈ పిల్లల కోసమే, నా తరగతి నాకిమ్మని పైఆఫీసుకు ఉత్తరాలు పెట్టాను. నేను చెబుతుంటే మా ఆయన రాశాడు. బళ్ళు బాగుచేసే మనిషి, అక్షరాలు కూడా నట్లు బిగించినట్టే రాస్తాడు, కాగితం అవతలి వైపు తడిమితే తెలుస్తుంది. "దయచేసి అని పెట్టనా?" అన్నాడు. వద్దు, కోరుతున్నాను అని రాయండి, అన్నాను. మూడు ఉత్తరాలకూ జవాబు లేదు. "నాలుగోదానికైనా పెట్టనియ్యవోయ్, నీ సొమ్మేం పోయింది?" అన్నాడు. నాలుగోదానికి అసలే వద్దన్నాను. నాలుగోదానికి జవాబొచ్చింది: ఒక గంట, నిజమైన తరగతిలో, అధికారి సమక్షంలో.

సుద్దముక్క తీసుకున్నాను. ముందు డస్టరుతో బోర్డు తుడవాలి, తుడిచాను, పొడి నా ముక్కుపుటాలకు తగిలింది. ఎడమ అరచెయ్యి బోర్డుకు ఆనించి, దాని పక్కనే చెక్క స్కేలు నొక్కిపెట్టి గీత గీశాను. సుద్ద బోర్డు మీద నడిచే చప్పుడులోనే గీత తిన్ననిదో వంకరదో తెలిసిపోతుంది, తిన్నని గీత ఒకే ఊపిరి, వంకర గీత మధ్యలో దగ్గుతుంది. ఒక గీత, రెండు, మూడు, చివర మొదలుకు అంటుకుంది, వేలితో తడిమి చూశాను, అంటుకుంది. ఇంత చక్కటి త్రిభుజం చూపున్నప్పుడు కూడా గీయలేదని నాకు నేనే భుజం తట్టుకునేంతలో వెనక నుంచి 'ఫుప్' అని ఒక నవ్వు, మూసిన పెదాల సందుల్లోంచి. తర్వాత ఇంకొకటి. తర్వాత పెన్ను టిక్కుమంది. చెవులు వేడెక్కాయి. చప్పుళ్ళన్నీ నాకు తెలుసనుకున్నాను, ఈ నవ్వు దేనికో తెలియలేదు. కొంగు జారిందా, జడకు సుద్ద అంటిందా, అసలు బోర్డు మీదే గీశానా గోడ మీద గీశానా? అడగాలి. ఒక్క మాట, ఏమైందర్రా, అని. నా గొంతు ఆ మాట పలకడానికి ఎంతసేపు తీసుకుందో, ఆలోగా మూడో వరస కిటికీ వైపు నుంచి వసపిట్ట లేచింది, బెంచీ కంటే ముందు నోరు లేచింది.

"టీచర్, పైసగం తుడవలేదు. తెలుగు మాస్టారు రాసిన పద్యం మీ త్రిభుజంలో ఇరుక్కుపోయింది టీచర్."

క్లాసంతా ఒక్కసారి భళ్ళుమంది. నవ్వు అంటే నాకు పది నెలలుగా పక్క గదిది, గోడ అవతలిది, సగం వడగట్టినది. ఇది నేరుగా ముఖం మీద పడింది, కుండపోతగా. నేనూ నవ్వాను, ఎందుకు నవ్వానో, ఆపుకోలేక. "పద్యానికి ఎన్ని పాదాలర్రా?" అన్నాను. నాలుగు, అన్నారు. "నా త్రిభుజానికి మూడే భుజాలు, నాలుగో పాదం పట్టదు, ఎవరైనా వచ్చి దాన్ని బయటికి లాగండి" అన్నాను. పెన్సిలు కొరికే పిల్ల వచ్చి తుడిచింది. తను తుడుస్తున్నంతసేపూ వెనక పెన్ను చప్పుడు కోసం విన్నాను. టిక్కు, గరగర, టిక్కు. ఏం రాసుకున్నారో.

తలా ఒక కాగితం తీసుకుని, ఇష్టమొచ్చిన త్రిభుజం గీసి, కత్తెరతో కత్తిరించమన్నాను. మూడు మూలలకూ గుర్తులు పెట్టి ఆ మూలల్ని చేత్తో చింపమన్నాను. నలభై ఒక్క కాగితాలు, మూడేసి మూలలు. పర్రుమని ఒకటి మొదలై, గది అంతా పరపరలాడింది. మొదటిసారి కాగితం చిరిగే చప్పుడుకు భయపడింది డాక్టరు గదిలో. ఇంక చెయ్యగలిగింది లేదని చెప్పి ఆయన చీటీల పుస్తకంలోంచి ఒక కాగితం చింపి నా చేతిలో పెట్టాడు, చుక్కల మందు, అలవాటుగా. ఒక్క పర్రు. అక్కడ్నుంచి ఇంటికి వెళ్ళాలన్నాడు మా ఆయన. నాలుగో పీరియడు ఉంది, బడికి పోనివ్వండి, అన్నాను. ఆ రోజు ఏం చెప్పానో జ్ఞాపకం లేదు, వెళ్ళానన్నది మాత్రం జ్ఞాపకం. ఇక్కడ నూట ఇరవై మూడు పర్రులు. "మూడు మూలల మొనలూ ఒకచోట చేర్చి పక్కపక్కన పెట్టండి" అన్నాను. చప్పుడు తగ్గింది. కాగితపు ముక్కలు బెంచీల మీద జరిగే చప్పుడు, ఎండుటాకుల్లో తొండ నడిచినంత. ఆ తర్వాత వచ్చింది నేను ఎదురుచూస్తున్నది. దాన్ని చప్పుడనడం కూడా ఎక్కువే. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ఊపిరి పీల్చుకోవడం. అరె, తిన్నని గీత! నాదీ! నాది సన్న త్రిభుజం, అయినా సరే! 'అంటే' వాడు లేచి, అంటే టీచర్, అంటే ఎలాంటి త్రిభుజమైనా నూట ఎనభయ్యేనా, అన్నాడు. వాడి గొంతులో ఎవరో వాడికి మాత్రమే రహస్యం చెప్పినంత ఆశ్చర్యం. ఈ ఊపిరి కోసం కదా నాలుగు ఉత్తరాలూ. ఇన్నేళ్ళూ ఈ ఊపిరి నాకు ముఖాల్లో కనబడేది, చెవికి ఇంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు.

నాలుగు లెక్కలు చెప్పాను. మూడు తేలికవి. నాలుగోది, ఒక త్రిభుజంలో రెండో కోణం మొదటిదానికి రెట్టింపు, మూడోది మొదటిదానికి మూడింతలు, మూడూ కనుక్కోండి. తలలు వంగాయి. పైన ఫ్యాను మూడు తిరుగుళ్ళకొకసారి గొంతు సవరించుకుంటోంది. బయట కుళాయి చుక్కచుక్కగా బకెట్లో పడుతోంది, బకెట్టు సగం నిండినట్టుంది, చుక్క మోత లోతు తగ్గింది. ఎవరిదో కంపాస్ పెట్టె మూత, ఎవరిదో నీళ్ళ సీసా బిరడా, ముక్కు ఎగబీల్పు, వేలు తడిచేసుకుని పేజీ తిప్పడం. పెన్సిళ్ళ నడకలో చాలా ఉంది. లెక్క వచ్చినవాడి పెన్సిలు ఆగి ఆగి పరుగెడుతుంది, రానివాడిది ఆగకుండా నడుస్తుంది, వాడు బొమ్మ గీస్తుంటాడు గనక. నేను అలా పెన్సిళ్ళ మధ్య మునిగి ఉన్నాను. కుడి వైపు ఒక దగ్గు వచ్చింది. వసపిట్ట దగ్గు. ఆ పిల్లకు దగ్గు లేదే, పొద్దున వరండాలో గంట నుంచీ వాగుతూనే ఉంది, గొంతు కంచులా ఉంది. మళ్ళీ దగ్గింది. వెంటనే ఎడమ వైపు నుంచి పెన్సిలు కొరికే పిల్ల. తర్వాత 'అంటే' వాడు. మధ్య వరసలో ఎవరో స్కేలుతో బెంచీ మీద రెండు దెబ్బలు కొట్టారు. టక్, టక్. ఆగి, మళ్ళీ టక్, టక్. రెండు.

రెండేమిటి? నడిచాను, బెంచీల అంచులు వేళ్ళతో తాకుతూ. మోచేతులు, పుస్తకాలు, ఒక జడ, ఒక చొక్కా చెయ్యి, మూడో వరస, నాలుగు. నాలుగో వరసలో నా వేళ్ళ కింద పుస్తకం తెరిచి ఉంది, పెన్సిలు దాని మీద అడ్డంగా పడి ఉంది, మనిషి లేదు. పక్కన ఇంకో పుస్తకం, అక్కడా లేదు. బెంచీ చెక్క ఇంకా వెచ్చగా ఉంది. కాలికి మెత్తగా ఏదో తగిలింది, విప్పిపెట్టిన చెప్పులు, రెండు జతలు. అర్థమైంది. నోటితో చెప్పకుండా, చేతి సైగతో, ఇద్దరు ఆడపిల్లల్ని ఒట్టికాళ్ళతో బయటికి పంపారు అధికారిగారు. గుడ్డి టీచరు కనిపెడుతుందా లేదా అని. కోపం పాదాల్లోంచి బయలుదేరి నెత్తికి వచ్చింది. అయినా గొంతు పెంచలేదు.

"నా క్లాసులో నలభై ఒక్కమంది కూర్చోవాలి సార్. ఇద్దరు బయటున్నారు. పిలిపించండి."

కుర్చీ కిర్రుమంది. ఆయన లేచి నిలబడ్డట్టున్నారు. "భేష్! ఎలా కనిపెట్టారమ్మా? అడుగుల చప్పుడు కూడా రాలేదు కదా. నాకే వినబడలేదు." ఆయన గొంతులో నిజంగానే మెచ్చుకోలు ఉంది, గారడీవాడి ముందు నిలబడ్డ మనిషి మెచ్చుకోలు. ఇక నా జవాబు ఒక్కటే మిగిలింది. చప్పుడు లేకపోతేనేం సార్, గాలి కదిలింది, అనొచ్చు. వాళ్ళ ఊపిరి తగ్గింది, అనొచ్చు. నమ్ముతారు. ఇంటికెళ్ళి భార్యకు చెబుతారు, ఒకావిడ ఉందోయ్, చెవులు కావవి, అని. సోమవారం నుంచి క్లాసు నాది. నలభై ఒక్కమందిలో ఇద్దరు బయట, ముప్పై తొమ్మిదిమంది ఊపిరి బిగబట్టారు, ఆ బిగబట్టడం నాకు తెలుస్తోంది. ఫ్యాను గొంతు సవరించుకుంది. వాళ్ళూ అదే అనమంటున్నారు, అబద్ధంలో నాతోపాటు నడవడానికి సిద్ధంగా ఉన్నారు. కానీ నలభై నిమిషాలుగా వీళ్ళకు చెప్పింది ఏమిటి? లెక్క ఎలా చేశావో చూపించకపోతే జవాబు కరెక్టయినా సున్నా.

"నేను కనిపెట్టలేదు సార్. నాకు వినబడలేదు. పిల్లలు చెప్పారు."

 కుళాయి చుక్క. ఇంకో చుక్క. "అంటే" అన్నారు ఆయన, మెల్లగా, గొంతులో గారడీ పోయింది, "మీకు తెలియలేదు. మీరు పిల్లల్ని కనిపెట్టుకోవలసింది పోయి, పిల్లలే మిమ్మల్ని కనిపెట్టుకుంటున్నారు. అదేం తరగతమ్మా?"

ఆ ప్రశ్న నేను పుస్తకాల గదిలో నన్ను రోజూ అడుక్కున్నదే, ఇంకా ఘాటుగా. జవాబు మాత్రం అప్పుడెప్పుడూ దొరకలేదు, ఇప్పుడు నాలుగో వరసలో, ఖాళీ బెంచీ మీద చెయ్యి పెట్టి నిలబడితే నోటికొచ్చింది. "సార్, నా కళ్ళు లక్షణంగా ఉన్న రోజుల్లో నేను బోర్డు వైపు తిరిగితే వెనక బెంచీవాళ్ళు కిటికీ దూకి పోయేవాళ్ళు. ఇరవై ఏళ్ళలో ఒక్కడంటే ఒక్కడు నా కోసం దగ్గలేదు."

 బూట్లు కదిలాయి, గుమ్మం దాకా వెళ్ళాయి, "రండమ్మా లోపలికి" అన్న మాట వినబడింది, ఒట్టి పాదాలు రెండు జతలు సిమెంటు మీద పరిగెత్తుకొచ్చి నా పక్క నుంచి దూరి కూర్చున్నాయి. అందులో ఒక పిల్ల, సారీ టీచర్, అని నా చెయ్యి పట్టుకుంది.  నీ తప్పేముందే, లెక్క పూర్తి చెయ్యి, అన్నాను. ఆ తర్వాతి పది నిమిషాలూ ఆయన కుర్చీలో కూర్చోలేదు. బెంచీ బెంచీకీ నడిచి నాలుగో లెక్క మాత్రం చూస్తూ వచ్చారు. పుస్తకం మీద పెన్ను చప్పుడు నాకు కొట్టినపిండి, ఇరవై రెండేళ్ళలో ఎన్ని లక్షలసార్లు నా చేతి కిందే పుట్టిందో. రైటు ఒక్క గీత, చర్రున కిందికి దిగి పైకి లేస్తుంది. తప్పు రెండు గీతలు, రెండోది మొదటిదాని కంటే కోపంగా ఉంటుంది. లెక్కపెట్టాను. ముప్పై ఒకటి రైట్లు, పది తప్పులు. పక్క గదిలో భిన్నాలు తిన్నగా కూడలేని తరగతి ఇది. ముప్పై ఒకటి! నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే దాన్ని కూడా ఎవరైనా దగ్గనుకుంటారేమో అనిపించింది.

గుమ్మం దగ్గర పెద్దమేడం గాజుల చప్పుడు. తనిఖీ పుస్తకం తెచ్చింది. ఆయన నా బల్ల మీదే దాన్ని తెరిచి చాలాసేపు రాశారు. ముగించి పెన్ను టిక్కుమనిపించి, వెళ్ళొస్తానమ్మా, అన్నారు. అలా వెళ్ళనిస్తానా? "రాసింది చదివి వినిపించండి సార్. నా గురించి రాసింది నేను తెలుసుకోవాలి కదా." పెద్దమేడం గాజులు కంగారుపడ్డాయి. ఆయన చదివారు, బడిపిల్లాడు నిలబడి చదివినట్టు. "ఈ టీచరుకు చూపు లేదు. చేసిన పొరపాట్లు దాచలేదు. పిల్లలకు పాఠం వచ్చింది. సోమవారం నుంచి ఈమెకు తరగతి ఇవ్వవచ్చు."

"ఇవ్వవచ్చు కాదు సార్, ఇవ్వాలి." కిటికీ వైపు నుంచి. ఇంకెవరు!

పెద్దమేడం, హుష్, కూర్చో, అంది. ఆయన బూట్లు అటు తిరిగాయి. "ఇందాక దగ్గింది నువ్వేనా?"

"దగ్గొచ్చింది సార్."

"ఇప్పుడు పోయిందా?"

"పోయింది సార్."

ఒక నవ్వు వచ్చింది, ముక్కులోంచి, పెద్దమనిషి నవ్వు, ఆపుకోబోయి ఓడిపోయింది. పుస్తకం మళ్ళీ తెరుచుకుంది. టిక్కు. అడ్డంగా ఒక గీత, చర్రున, ఒక మాటను కొట్టివేసిన గీత. దాని పక్కన పొట్టిగా ఏదో రాత. ఆయన చదవలేదు, నేను అడగలేదు. ఆ రాత పొడవెంతో నాకు వినబడింది. బూట్లు వరండాలోకి వెళ్ళిపోయాయి, గాజులు వాటి వెంట.

అప్పుడు లేచింది గోల. బెంచీలు, బల్లలు, స్కేళ్ళు, కంపాస్ పెట్టెలు, ఈలలు, టీచర్ టీచర్ అన్న కేకలు, ముక్కు ఎగబీల్చేవాడు కూడా ఎగబీల్చడం మరిచి అరుస్తున్నాడు. ఇలాంటి గోలను బెత్తం చప్పుడుతో ఆపడం నా పేరు ప్రఖ్యాతి. ఈ పూట ఆపలేదు. బల్లకు ఆనుకుని నిలబడి, ఆ గోలలోంచి ఒక్కొక్క గొంతునీ వేరుచేసి విన్నాను. ఇదిగో ఇది ఫలానా, అది ఫలానా, ఒక్కటీ తప్పిపోలేదు. నా గడ్డం దానంతట అదే పైకి లేచింది. పొగరే, కాదనను. కానీ ఈసారి అందులో నలభై ఒక్కమంది వాటా ఉంది. గంటకు ఇంకా మూడు నాలుగు నిమిషాలుంది. అరచెయ్యి బల్ల మీద ఒకసారి కొట్టాను. గోల ఆగింది.

"నాలుగో లెక్క తప్పు చేసినవాళ్ళు నిలబడండి. మళ్ళీ చేద్దాం."

బెంచీలు ఒక్కొక్కటే కిర్రుమన్నాయి. ఎవరు లేవకపోయినా నాకు కనబడదని అందరికీ తెలుసు. లెక్కపెట్టాను. తొమ్మిది. పదోదాని కోసం ఆగాను. ఫ్యాను ఒకసారి గొంతు సవరించుకుంది, రెండుసార్లు. మూడో వరసలో, కిటికీ వైపు, పదో బెంచీ చప్పుడు మెల్లగా లేచింది. ఆ పిల్ల జీవితంలో మొదటిసారి నోరు విప్పకుండా నిలబడింది.

సుద్దముక్క తీసుకున్నాను.